గడ్డి కాల్చిన వేసవి

ఆ ఏడాది మే నెలలో మేమిద్దరం హిమాలయాల్లో పన్నెండు రోజులు నడవాలనుకున్నాం. పెళ్ళయిన కొత్తలో అనుకున్న మాట అది. పిల్లవాడి చదువు, నా ఉద్యోగం మారడం, ఇలా ఏదో ఒకటి అడ్డొస్తూ ఇరవై రెండేళ్ళు గడిచాయి. చివరికి జనవరిలో ట్రెక్కింగ్ సంస్థలో పేర్లు ఇచ్చాం. నాకు నలభై ఏడు, ఆయనకు యాభై ఒకటి.

ఆ రోజు నుంచి మాకు నడక తప్ప వేరే ధ్యాస లేదు. ఆఫీసు బస్సు దిగాక నేను తొమ్మిదో అంతస్తులోని మా ఇంటికి మెట్ల మీదే వెళ్ళేదాన్ని. ఆయన బాలానగర్‌లోని ఫ్యాక్టరీ నుంచి స్కూటర్ మీద వచ్చి, తనూ మెట్లే ఎక్కేవారు. ఆదివారాలు వీపు సంచిలో బియ్యం ప్యాకెట్లు పెట్టుకుని ఇద్దరం మా అపార్ట్‌మెంట్ పక్కనే ఉన్న ఖాజాగూడ గుట్ట ఎక్కేవాళ్ళం. పైన రాళ్ళ మీద కూర్చుని వేరుశనగలు తింటూ కింద అద్దాల భవనాలు చూసేవాళ్ళం. "అక్కడ ఇవేమీ కనపడవు," అనేవారాయన. మా ఇరవై రెండేళ్ళలో అంతగా మాట్లాడుకున్నది ఆ రెండు నెలల్లోనే.

మార్చి వచ్చేసరికి గుట్ట మీద గడ్డి, ముళ్ళపొదలు ఎండిపోయాయి. ఒక ఆదివారం పొద్దున మా ప్రహరీ అవతల ఖాళీ జాగాలో మంట లేచింది. మధ్యాహ్నానికి గుట్ట ఎక్కింది. ఫైరింజన్ వచ్చింది గానీ రాళ్ళ మధ్యకు గొట్టం అందలేదు. గడ్డి మంట రెండు రోజుల్లో ఆరిపోయింది. దాని పక్కన ఎవరెవరో తెచ్చి పోసిన చెత్తకుప్పలు మాత్రం మూడు వారాలు లోలోపల రగులుతూనే ఉన్నాయి. కిటికీలు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కాం. అయినా దిండ్లు కూడా కాలిన ప్లాస్టిక్ వాసన కొట్టేవి.

ఆయనకు దగ్గు పట్టుకుంది. చిన్నప్పుడు ఆయాసం ఉండేదట, పోయిందనుకున్నారు. ఒకరోజు నాతో మెట్లెక్కబోయి నాలుగో అంతస్తులో కూలబడ్డారు. జాలి పడాల్సింది. నాకు కోపం వచ్చింది.

"ఇంకా ఏడు వారాలే ఉందండీ," అన్నాను.

ఆయన తలూపి, కమ్మీ పట్టుకుని మళ్ళీ లేచారు.

ఆ కోపం ఎవరిమీదైనా చూపించాలనిపించింది. నిప్పు పెట్టినవాణ్ణి పట్టుకుని పోలీసులకు అప్పగిస్తానని ఆయనతో చెప్పి కిందికి దిగి, మా వాచ్‌మన్‌ను నిలదీశాను. పాలమూరు వైపు మనిషి, పెద్దవాడు. సెల్లార్ పక్క గదిలో భార్యతో ఉండేవాడు. అతని ముంజేతికి కట్టు ఉంది.

"పగటిపూటే కదా, ఎవరు అంటించారో నువ్వు చూడలేదా?"

"నేనే అంటించిన గదమ్మా," అన్నాడు, నాకు తెలియకపోవడమే వింతన్నట్టు. "సెల్లార్ల పాము కనవడ్డదని, గడ్డి కాలవెట్టుమని అందరు కాగితం మీద సంతకాలు వెట్టిన్రు. మీరు గూడ వెట్టిన్రు, లిఫ్టు కాడ. గాలి జోరుగున్నది, ఇయ్యాల వద్దన్న. ఇనలే. ఆర్పనీకి పోతే చెయ్యి కాలింది."

గుర్తొచ్చింది. బస్సుకు ఆలస్యమవుతున్న పొద్దున, మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం చాపాడు. నీళ్ళ ట్యాంకర్ల సంగతేమో అనుకున్నాను. చదవకుండానే సంతకం పెట్టేశాను.

"జర ఆ చెత్త సంగతి సార్లకు చెప్పుండ్రమ్మా. మా ఇంటిది దగ్గి దగ్గి పరేషాన్ అయితున్నది."

సరే అన్నాను. చెయ్యి దవాఖానలో చూపించుకున్నావా అని అడగనైనా లేదు.

పైకి వచ్చాక ఆయన అడిగారు, "తెలిసిందా ఎవరో?"

"తెలియలేదండీ."

ఏప్రిల్‌లో గుట్ట మంట గురించి కార్పొరేషన్ నుంచి ఏదో నోటీసు వచ్చింది. సంఘం సమావేశం పెట్టి, వాచ్‌మన్ బుద్ధి లేక చేసిన పని అని తేల్చింది. ఆ కాగితం మాట ఎవరూ ఎత్తలేదు. నేను రెండో వరసలో కూర్చుని ఉన్నాను. నేనూ ఎత్తలేదు. అతను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి మొహం చూశాడు, నా మొహం కూడా. వారంలో గది ఖాళీ చేసి భార్యతో ఊరికి వెళ్ళిపోయాడు.

ఆ నెలాఖరులోనే డాక్టరు ఆయన ఛాతీ పరీక్షించి, ఎత్తయిన ప్రదేశాలకు వెళ్ళవద్దన్నాడు. వచ్చే ఏడాదైనా వెళ్ళొచ్చా అని నేనడిగితే ముందు ఈ మందులు వాడమని చీటీ చేతికిచ్చాడు.

"నువ్వు వెళ్ళిరా," అన్నారాయన ఆటోలో. "నిజంగానే అంటున్నాను."

వెళ్ళనన్నాను. ప్రేమతో కాదు. పన్నెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా నడిస్తే ఏం ఆలోచిస్తానో నాకు తెలుసు.

ఆయన మాత్రం అందరికీ చెప్పుకుంటారు. మొన్న మా ఆడపడుచు వచ్చినప్పుడు కూడా, "ఎన్నాళ్ళ కోరికో అది. నా కోసం మానుకుంది," అన్నారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఈ రోజుల్లో ఇలా ఎవరుంటారమ్మా," అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.