హన్నమ్మ సాక్ష్యం

ఆళ్ళగడ్డలో మా క్రైస్తవ సంఘంలో హన్నమ్మలు నలుగురు ఉండేవాళ్ళు. టీచరు హన్నమ్మ, గేటుకాడి హన్నమ్మ, లంబూ హన్నమ్మ, దయ్యాల హన్నమ్మ. చివరామె మా పెద్దమ్మ. ఆమెకు దయ్యం పట్టలేదు. ఆమె ఎవరికీ దయ్యం వదిలించనూ లేదు. దయ్యాల సినిమాలు చూసేది, అంతే.

మంచి సినిమాలు కూడా కావు. అరవం నుంచో మలయాళం నుంచో తెలుగులోకి మార్చినవి. పెదవులు ఆగిపోయాక కూడా మాటలు వినిపించేవి. అన్ని ఊళ్ళలో ఆడి, అరిగి, గీతలు పడి నంద్యాలకు వచ్చేవి. పోస్టరు మీద మనిషి మొహం కంటే పుర్రె పెద్దదిగా ఉంటే ఆ సినిమా మా పెద్దమ్మది.

ఈ మాట చెప్తే నవ్వేవాళ్ళను చాలామందిని చూశాను. నేనూ నవ్వాను. పదో తరగతి తప్పి, శాఖా గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదువుకుంటూ పోయినవాణ్ణి. నాకు తెలిసిందల్లా లోకానికి తెలియదనుకునే వయసు. మంచి పుస్తకం చదివేవాడికి చెడ్డ సినిమా చూసేవాళ్ళను చూసి నవ్వే హక్కు ఉందనుకున్నాను. ఆ హక్కు ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు.

పెద్దమ్మ శెనక్కాయల మిల్లులో గింజలు ఏరేది. యంత్రం కాయ పగలగొట్టి పోస్తే, ఇరవై మంది ఆడవాళ్ళు గోనెపట్టల మీద వరుసగా కూర్చుని పుచ్చునూ రాయినీ తీసెయ్యాలి. నేను అక్కడే మూటలు కుట్టేవాణ్ణి. మంగళవారం కరెంటు సెలవు, మిల్లు మూత. ఆ రోజు పొద్దున సంగటి చేసి పెట్టేసి, పదకొండు గంటల బస్సుకు నంద్యాల వెళ్ళేది. తోడు సలోమి, అమీర్‌బీ. ముగ్గురూ ఒకే పట్టమీద కూర్చుని పనిచేసేవాళ్ళు. మా పెదనాన్న దావీదు కూడా వెంట వెళ్ళేవాడు కాని లోపలికి పోయేవాడు కాదు. ఆయనకు దయ్యాలంటే నిజంగా భయం. టాకీసుకు ఎదురుగా టీ అంగట్లో కూర్చుని, ఆట వదిలేదాకా దారినపోయే బండ్లను చూసేవాడు.

ఒకసారి నన్నూ తీసుకుపోయింది. మధ్యాహ్నం ఆట. హాలులో జనరేటరు మోత, మూత్రం వాసన, పైన తిరగని ఫంకా. తెరమీద పాడుబడ్డ బంగళా. తెల్లచీర కట్టుకున్న దయ్యం మెట్లు దిగుతోంది.

"మేయ్, దాని కాళ్ళు జూడు! హవాయి చెప్పులు ఏసుకోనుండాది" అని అరిచింది పెద్దమ్మ.

"సచ్చినాక మాత్రం ముల్లు గుచ్చుకోదా అక్కా?" అంది అమీర్‌బీ.

నేల టిక్కెట్టు వాళ్ళంతా గొల్లుమన్నారు. కాసేపటికి దయ్యం వెనక్కి వెనక్కి నడిచింది. దాని వెనక సాంబ్రాణి పొగ గాల్లోంచి దిగివచ్చి కుంపట్లోకి దూరిపోయింది. సినిమావాళ్ళు ఫిల్మును తిరగేసి నడిపారు, పొగ సంగతి మరిచిపోయారు. పెద్దమ్మ ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. ఆమె కెవ్వుమని అమీర్‌బీ రెక్క పట్టుకుంది. నిజంగానే వణికింది. పక్కన కూర్చున్న నాకు తెలిసింది.

బస్సులో అడిగాను. "అంతా దొంగదని తెలుసు గదా పెద్దమ్మా. నవ్వుతాండావు, మళ్ళా భయపడతాండావు. ఏందది?"

"నాయనా, ఊర్లో బాంబు మోగితే ఏం జేస్తాం? గడియ పెట్టుకోని మంచం కిందికి దూరతాం. అప్పుడు నవ్వొస్తాదా? రాదు. ఈడ భయపడుకుంటానే నవ్వొచ్చు. అట్లాంటి భయం ఇంగ యాడ దొరుకుతాదో చెప్పు, ఆడికే పోతా."



బుధవారం మిల్లులో ఆమె కథ చెప్పేది. దయ్యం గొంతు, గబ్బిలం రెక్కల చప్పుడు, తలుపు కిర్రుమనడం, అన్నీ ఆమె నోట్లోంచే. ఏరే చేతులు ఆగేవి కావు. "దయ్యాన్ని ఆడనే నిలబెట్టు హన్నమ్మా, ఈ మూట మోసేసి వస్తా, నేను లేంది చెప్పాకు" అని మేస్త్రీ రంగయ్యే బతిమాలుకునేవాడు.

ఎనభై మూడు వానాకాలంలో ఒక సినిమా వచ్చింది. అందులో దయ్యం పదిమందిని చంపుతుంది. మంత్రగాళ్ళు వస్తారు, పారిపోతారు. చివరికి లారీ నడిపే ముసలాయన ఒకడు రెండు కట్టెపుల్లలను లారీ తాడుతో సిలువలాగా కట్టి దాని ముందు పెడతాడు. దయ్యం టపాకాయలాగా పేలిపోతుంది. పెద్దమ్మ హాలులో లేచి నిలబడి చప్పట్లు కొట్టిందని అమీర్‌బీ చెప్పింది. "మీ సిలువ గెలిస్తే ఇంత గోల జేస్తాండావు. మా తాయెత్తును ఒక్క సినిమావోడూ చూపీడు" అని దెప్పింది కూడా.

ఆ ఆదివారం సాయంత్రం గుడిలో ప్రార్థన కూడిక. కూడికలో సాక్ష్యాలు చెప్తారు. దేవుడు తమకు చేసిన మేలు ఏదో ఒక్కొక్కరే లేచి చెప్పాలి, విన్నవాళ్ళు ఆమెన్ అనాలి. ఒకరికి జ్వరం తగ్గింది. ఒకరి బర్రె దొరికింది. తర్వాత మా పెద్దమ్మ లేచి కొంగు తలమీదికి లాక్కుంది.

"మొన్న మంగళవారం నంద్యాలలో నా కండ్లతో నేను చూసినా. ఒక దయ్యం. పదిమందిని సంపింది."

సంఘం అంతా ఆమె వైపు తిరిగింది.

"ఎంతెంతోళ్ళో వచ్చినారు. మంత్రాలేసినారు, నిమ్మకాయలు కోసినారు. అది నగింది. ఆఖరికి ఒక ముసలాయన వచ్చినాడు. చదువు లేదు, ఏమీ లేదు. రెండు కట్టెపుల్లలు సిలువ మాదిరి కట్టినాడు."

"ఆమెన్" అన్నారు నలుగురు.

"దాని మొగానికి ఎదురుగా పట్టినాడు."

"ఆమెన్!" గుడి అంతా అంది. గురువు రాజరత్నం అయ్యగారు కళ్ళు మూసుకుని అన్నాడు. నేనూ అన్నాను.

"అది కాలిపోయింది. బూడిద గూడా మిగల్లా!"

"హల్లెలూయా! ఆమెన్!" అని అందరికంటే పైకి వినిపించిన గొంతు సంఘపెద్ద దేవసహాయం సారుది. రిటైరైన హెడ్మాస్టరు. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"ఆ యనక దీపాలేసినారు. అందరం లేసి బస్సుకు వచ్చేసినాం. దేవునికి స్తోత్రం" అని పెద్దమ్మ కూర్చుంది.

దేవసహాయం సారు చేతులు ఇంకా పైనే ఉన్నాయి. "ఏం దీపాలమ్మా?" అన్నాడు.

"టాకీసులో దీపాలు సారూ."

వెనక ఎవరో చీదినట్టు నవ్వారు. తర్వాత అందరూ. మా పెద్దమ్మ బిత్తరపోయి చూసింది. మోసం చెయ్యాలని చెప్పలేదు ఆమె. మంగళవారం నంద్యాల అంటే సినిమాయేనని ఊరికంతా తెలుసనుకుంది. సిలువ ఎక్కడ గెలిచినా సాక్ష్యమే అనుకుంది.

మరుసటి ఆదివారానికి సంఘపెద్దల తీర్మానం వచ్చింది. సినిమాలకు పోయే హన్నమ్మ, సలోమి, ఒకసారి పోయిన నేను, ముగ్గురం సంఘం ముందు నిలబడి "తప్పయింది, ఇంక పోను" అనాలి. లేకపోతే బల్ల నిలుపుతారు. నెలకోసారి గురువు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆరాధనను మావాళ్ళు బల్ల అంటారు. పదహారేళ్ళప్పుడు బల్లలో చేరినప్పటినుంచి పెద్దమ్మ ఒక్కటీ తప్పలేదు. దానికోసమని వేరే తెల్లచీర ఉండేది ఆమెకు. ఆ చీర ఇంకెక్కడికీ కట్టదు. బల్ల నిలిపారంటే మావాళ్ళలో మనిషిని వీధిలోకి తోసినట్టే.

సలోమికి పెళ్ళికి ఎదిగిన కూతురుంది. తప్పయింది అంది. నేనూ అన్నాను. నాకు ఏ కూతురూ లేదు. ఊరికే, అందరూ చూస్తున్నారని అన్నాను.

పెద్దమ్మ అనలేదు.

"నేను అబద్ధం జెప్పినానా సారూ?" అని అడిగింది.

"అది కాదు. సినిమాకు పోవడం తప్పు."

"ఆరేండ్ల నుంచి పోతాండా. మిల్లుకాడ మీ ఇంట్లో ఆడోళ్ళు గూడా కథ ఇన్నారు. ఎప్పుడన్నా అడిగినారా? మీ కోపం సినిమా మీద కాదు. ఆమెన్ అంటిమే అని కోపం."

"హన్నమ్మా, నోరు!"

"నా సాక్ష్యం తప్పయితే మీ ఆమెన్ గూడా తప్పే. మీరు మొదలు తప్పయింది అనండి. మీ ఎనకాల నేనంటా."

దేవసహాయం సారు అనలేదు. బల్ల నిలిపారు.

బల్ల లేనివాళ్ళు ఆ ఆరాధనలో వెనక కూర్చోవాలి, లేదంటే ముందే వెళ్ళిపోవాలి. మొదటి నెల పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని, అందరితో పాటు ముందుకు వచ్చి, గురువు ముందున్న అడ్డు కటకటాల దగ్గర మోకరించి దోసిలి పట్టింది. రాజరత్నం అయ్యగారు పెదనాన్నకు ఇచ్చాడు. పెద్దమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆమెను దాటి పక్కామెకు ఇచ్చాడు. ఆమె ఖాళీ దోసిలితో అందరితో పాటు లేచి వచ్చింది. రెండో నెలా అంతే. మూడో నెలా అంతే.

"ఒక్క మాట గదమ్మే. అనేస్తే పోతాది" అన్నాడు పెదనాన్న ఇంట్లో.

"బొమ్మ దయ్యానికి జడిసి టీ అంగట్లో కూసునేటోనివి. నాకు బుద్ధి చెప్పేదానికి నోరెట్లొచ్చింది?"

మంగళవారాలు మానలేదు. సలోమి మానేసింది. అమీర్‌బీ ఉంది. "మమ్మల్నయితే మసీదుకే రానీయరక్కా, ఇంగ నిలిపేదేముండాది?" అని నవ్వించేది. పెద్దమ్మ నవ్వేది. కాని బల్ల ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆ చీరను మాత్రం ఎంతోసేపు మడత పెట్టేది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టేది. నేను ఒకరోజు "నేను తప్పయింది అనకుండా ఉండాల్సింది పెద్దమ్మా" అన్నాను. "అన్నావు గదా, ఇంగేం జేస్తావు. ఆ కొస పట్టుకో" అంది.

రెండున్నరేళ్ళు అలాగే దోసిలి పట్టింది. గుడిలో ఎవరికీ అలవాటు కాలేదు. ఆమె మోకరించినప్పుడల్లా పాట మధ్యలో గొంతులు సన్నబడేవి. రాజరత్నం అయ్యగారు చెడ్డవాడు కాదు. ఆమెను దాటేటప్పుడు చూపు రొట్టె పళ్ళెం మీదే పెట్టుకునేవాడు. చెడ్డవాళ్ళు కానివాళ్ళు చేసే పనులు ఇలాగే ఉంటాయి.

ఎనభై ఆరు మొదట్లో ఆయనకు దొర్నిపాడు వైపు బదిలీ అయింది. కొత్తగా నతానియేలు అయ్యగారు వచ్చాడు. మొదటి బల్ల ఆదివారం పొద్దున నేను గుడిలో జంపఖానాలు పరుస్తున్నాను. ఆయన సంఘస్థుల రిజిస్టరు తెరిచి దేవసహాయం సారును అడిగాడు.

"ఈ హన్నమ్మ పేరు ఎదురుగా 'నిలిపివేత' అని ఉంది. కారణం రాయలేదు. ఎందుకు నిలిపారు?"

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కారణం చెప్పాలంటే సినిమా సంగతి చెప్పాలి. సినిమా చెప్పాలంటే సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం చెప్పాక, విన్నవాళ్ళు ఏమన్నారని కొత్త గురువు అడుగుతాడు.

"పాత సంగతయ్యా. నాకు జ్ఞాపకం లేదు" అన్నాడు.

"కారణం లేకుండా ఒక మనిషిని ఎట్ల నిలుపుతాం?" అని అయ్యగారు రిజిస్టరులో ఆ మాటను కలంతో కొట్టేశాడు.

ఆ పూట ఆయన పెద్దమ్మ దోసిట్లో రొట్టె పెట్టాడు. ఆమె తలెత్తి ఆయన మొహం చూసింది. వెంటనే నోట్లో వేసుకోలేదు. పక్కన పెదనాన్న మోచేత్తో పొడిచాడు. అప్పుడు తీసుకుంది.

నేనయితే ఆ సంతోషంతో ఇంటికి పోయేవాణ్ణి. గెలుపు ఎట్లా వచ్చినా గెలుపే అనుకునేవాణ్ణి. ఆరాధన అయ్యాక వాకిట్లో అయ్యగారు అందరికీ చెయ్యి కలుపుతున్నాడు. పక్కన దేవసహాయం సారు ఒక్కొక్కరి పేరూ చెప్తున్నాడు. పెద్దమ్మ వంతు వచ్చింది.

"అయ్యా, మీరు తెలీక ఇచ్చినారేమో" అంది. "నేను సినిమాలు చూస్తా. దయ్యాలయి. రేపు మంగళవారం గూడా పోతాండా. తప్పయింది అనమన్నారు, నేను అనలే. ఇప్పుడూ అనను. తీసుకున్న రొట్టెను కక్కమంటే నాతో కాదు."

అయ్యగారు దేవసహాయం సారు వైపు చూశాడు. "జ్ఞాపకం లేదన్నారే?"

సారు గొడుగు తెరిచాడు. ఎండా లేదు, వానా లేదు. గొడుగు కింద తల దాచుకుని మెట్లు దిగిపోయాడు.

"అసలు ఏం జరిగింది?" అని అయ్యగారు వాకిట్లో ఉన్నవాళ్ళను అడిగాడు. సలోమి నేల చూసింది. రెండున్నరేళ్ళ కిందట నోళ్ళు తెరిచి ఆమెన్ అన్నవాళ్ళందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు.

నేను ముందుకు వచ్చి చెప్పాను. ఎవరెవరు అన్నారో, ఎవరు అందరికంటే గట్టిగా అన్నారో, నాతో సహా పేరు పేరునా చెప్పాను.