బక్కయ్య రాసిన గోడ

కాజీపేట రైల్వే కాలనీ చరిత్ర రాయాలంటే పాత కాగితాలు వెతకాలంటారు. వెతికితే దొరికేవి ఇంజన్ల నంబర్లు, ఆఫీసర్ల బదిలీలు. ఆ ఇంజన్లలో బొగ్గు వేసినవాళ్లు ఇక్కడ ఎట్లా బతికారో వాటిలో ఉండదు. అది గోడల మీద ఉంది.

ఇక్కడ పెండ్లయితే గోడకు సున్నం వేసి, జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, పెండ్లికూతురు, పెండ్లికొడుకు పేర్లు, ఊళ్లు, తేదీ రాయిస్తారు. తర్వాత ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ రాత చుట్టూ వేస్తారే తప్ప దాన్ని ముట్టరు. క్వార్టర్‌లోకి కొత్తవాళ్లు దిగినా ఆ మర్యాద తప్పలేదు.

ఆ రాతలు రాసేవాడు రాయమల్లు. అంతకు ముందు అతని నాయన బక్కయ్య. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాయడానికి రాయమల్లును పిలిచేవాళ్లు తగ్గారు. పెండ్లి పేర్లకు మాత్రం ఇప్పటికీ అతనే కావాలి. బక్కయ్యకు ఒక్క ఫోటో కూడా లేదు. చివరి వరుసలో ఖాళీ పడ్డ క్వార్టర్ గోడ మీద ఆయన రాసిన పేర్లు మిగిలాయి, అంతే. రాయమల్లు అక్షరాలు దిద్దింది ఆ గోడ చూసే.

కాలనీ మీద పుస్తకం రాస్తున్న యమునకు రాయమల్లు నంబర్ ఇచ్చింది ఇదే కాలనీలో ఉండే నేనే. ఆమె ఫోన్ చేసింది.

"ఆ వరుస కూలగొడ్తరట కాకా. ఆదివారం వచ్చి ఫోటోలు తీసుకుంట. మీ నాయన పేరు పుస్తకంల పెడ్త."

రాయమల్లుకు కాలు నిలవలేదు. శనివారం పొద్దున్నే సున్నం బకెట్ పట్టుకుని బయలుదేరాడు. భార్య రాజక్క అడ్డం పడింది.

"గా గోడను ముట్టకు. ఇన్నేండ్లు ఎవ్వలు ముట్టలే."

"గంత మాసిన గోడ పుస్తకంల పడుతదా? కొత్త చీర కట్టకుండ నువ్వు ఫోటో దిగినవా ఎన్నడన్న?"

"నువ్వు నన్ను ఫోటోకు తీస్కపోయిందెన్నడు?"

అతను నవ్వుకుంటూ పోయాడు. గోడంతా సున్నం వేశాడు. ఆరాక అవే పేర్లు, అవే తేదీలు, ఉన్నచోటే మళ్లీ రాశాడు. నిజం చెప్పాలంటే చాలా అందంగా రాశాడు.

ఆదివారం యమున వచ్చి కెమెరా తీసి, ఎత్తకుండానే ఆగింది.

"పాత రాతలు ఏవి కాకా?"

"ఇవే బిడ్డా. ఒక్క పేరు పోలే."

"మీ నాయన రాసినవి?"

చూపించడానికి చెయ్యెత్తాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఎడమ చేత్తోటి రాస్తుండె నాయన. అక్షరాలు జర ఒక దిక్కు ఒరుగుతుండె." చెయ్యి దించి అన్నాడు, "నేను సీదా చేసిన."

యమున ఫోటోలు తీసుకుంది. పేర్లు పనికొస్తాయంది, రాసిన మనిషిగా అతని పేరు వేస్తానంది.

"నా పేరెందుకు బిడ్డా," అన్నాడు రాయమల్లు.

ఆమె వెళ్లాక గోడ దగ్గర కూర్చుని గోరుతో సున్నం గీకాడు. ఒక పెల్ల ఊడి చేతిలో పడింది. దాని వెనక జాజు అంటుకుని వచ్చింది. అతన్ని వెతుక్కుంటూ వచ్చిన రాజక్క వంగి చూసింది.

"మామ రాతేనా?"

అతను దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఎర్రగా ఒక గీత ఉంది. అది ఒరిగిందో సీదాగా ఉందో చెప్పడానికి ఆ ముక్క సరిపోలేదు.