నిండుగా తిరిగొచ్చే సీసా

కాలర్‌పిల్లకు లెక్కపెట్టే జబ్బు ఒకటుంది. అది ఆమె కోరి తెచ్చుకున్నది కాదు, పనిచేసే చోటు అంటించింది. చొక్కాలు కుట్టే కంపెనీలో గంటకు అరవై కాలర్లు కుట్టాలి. ఒక్కటి తగ్గినా గోడ మీది బోర్డులో ఆమె మిషన్ నంబరుకు ఎదురుగా ఎర్రచుక్క పడుతుంది. నాలుగేళ్ళుగా అలా కుట్టీ కుట్టీ, మెట్లెక్కినా లెక్కే, బస్సులో నిలబడ్డవాళ్ళను చూసినా లెక్కే. అందరూ కాలర్‌పిల్ల అనే పిలవడంతో, ఆ ఇరవై రెండేళ్ళ పిల్లకు హాజరుపట్టీలో ఒక పేరు ఉందన్న మాట కూడా ఎవరికీ గుర్తు లేదు.

ఇన్ని లెక్కపెట్టే పిల్ల తన సంచిలో ఉన్న నీళ్ళసీసాను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఆ పని వాళ్ళమ్మ చేసింది. ఆవిడ బడిలో వంటమనిషి. ఎసట్లో నీళ్ళు ఎన్ని పోయాలో గిన్నె బరువు చూసి చెప్పగలదు. కూతురు సాయంత్రం సంచి గుమ్మంలో పడేయగానే సీసా ఎత్తి చూసేది.

"నింపి పంపింది నింపినట్టే పట్టుకొచ్చావు. తాగడానికి తీసుకెళ్తున్నావా, మోయడానికా?"

"మర్చిపోయానమ్మా."

"రోజూనా? టిఫిన్ డబ్బా ఖాళీ చేయడం మాత్రం ఒక్కరోజూ మర్చిపోవేం!"

నిజం చెప్పాలంటే ఆ కంపెనీలో ఏ ఆడపిల్లా నీళ్ళు తాగేది కాదు. కారణం గోడకు కొట్టిన ఒక మేకు. ఆ మేకుకు ఎర్ర కార్డు వేలాడేది. వరుసకు యాభై మిషన్లు, యాభై మందికి ఒకటే కార్డు. బాత్రూంకి వెళ్ళాలంటే లేచి, సూపర్‌వైజరు బల్ల దాకా నడిచి, ఆ కార్డు మెడలో వేసుకోవాలి. ఆయన గడియారం చూసి పుస్తకంలో టైము రాసుకుంటాడు. రెండోసారి వెళ్తే "ఏం, మళ్ళీనా?" అని వరుసంతా వినేలా అడుగుతాడు. తలలన్నీ ఇటు తిరుగుతాయి. ఆ సిగ్గు కన్నా దాహమే నయమనుకునేవాళ్ళు.

పక్క మిషన్ మీద చొక్కా చేతులకు పట్టీలు కుట్టే పిల్ల ఉండేది. అందరూ కఫ్‌ల పిల్ల అనేవాళ్ళు. నవ్వు మొదలుపెడితే ఆపడం తెలియని మనిషి. ఒకరోజు చలిజ్వరంతో మిషన్ మీదే తల వాల్చేసింది. ఆసుపత్రిలో డాక్టరు, ఇన్‌ఫెక్షన్ కిడ్నీలదాకా పాకిందని, ఇది రెండోసారి కాబట్టి ఇంకోసారి వస్తే కష్టమని చెప్పాడు. నర్సమ్మ సెలైన్ సరిచేస్తూ, "నీళ్ళు తాగవామ్మా నువ్వు?" అనడిగింది. "తాగితే వెళ్ళాలి కదండీ" అంది కఫ్‌ల పిల్ల, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. పక్కన కూర్చున్న కాలర్‌పిల్లకు ఒళ్ళు మండిపోయింది. స్నేహితురాలి మీద కాదు, తన మీద. నాలుగేళ్ళుగా తానూ అదే మాటను నోట్లోనే మింగుతోంది.

ఆ ఆసుపత్రి గోడ మీదే ఒక నోటీసు కనిపించింది. పనిచేసే చోట్ల ఆరోగ్యం గురించి ప్రభుత్వం కొత్త నియమాలు తయారు చేస్తోందట, ఎవరైనా అభిప్రాయం రాసి పంపవచ్చట. కింద, దాని గురించి మాట్లాడుకోవడానికి లైబ్రరీ మేడ మీద ఆదివారం కుర్రకారు కలుసుకుంటారని ఎవరో పెన్నుతో రాశారు. వెళ్తే పదిమంది ఉన్నారు, అందరూ పాతికలోపు వాళ్ళే. లా చదివే అమ్మాయి ఒకతె పెద్దరికం చేస్తోంది. ఇంకా పరీక్షలు పాసవలేదు గానీ అప్పుడే అందరికీ వకీలమ్మ అయిపోయింది.

నెల తిరక్కుండా ఒక అర్జీ తయారైంది. మహిళలకు మరుగుదొడ్లు పెంచాలని, నాలుగు వందల పన్నెండు సంతకాలతో. పత్రికలో నాలుగు వాక్యాలు పడ్డాయి, తనిఖీ అధికారి వచ్చాడు, కంపెనీవాళ్ళు ఎనిమిదికి తోడు మరో నాలుగు గదులు కట్టించారు. తెల్లటి పలకలు, నిలువుటద్దం. లైబ్రరీ మేడ మీద చప్పట్లు మోగాయి. గెలిచామనుకుని ఆ రోజు టీ రెండేసి కప్పులు తాగారు.

రెండు వారాల తర్వాత అమ్మ సంచిలోంచి సీసా తీసింది. "కొత్తవి కట్టారన్నావు కదే? మరి ఇదేంటి?"

కాలర్‌పిల్ల సీసా వంక చూసింది. అప్పుడు బుర్రలో లెక్క కదిలింది. యాభై మంది, ఒక కార్డు. తలా ఒక్కసారి ఏడేసి నిమిషాలు వెళ్ళినా దాదాపు ఆరు గంటలు. పన్నెండు గదులు కాదు, నూరు గదులు కట్టినా వరుస నుంచి లోపల ఉండేది ఎప్పుడూ ఒక్కతే. గదులు లేక కాదు తాము వెళ్ళనిది. పన్నెండూ తళతళలాడుతున్నాయి, వాడేవాళ్ళు లేకపోతే తళతళలాడక ఏం చేస్తాయి?

"తప్పు అడిగాం. తప్పే ఇచ్చారు" అంది ఆదివారం లైబ్రరీ మేడ మీద.

వకీలమ్మ నీరసంగా కుర్చీలో జారబడింది. "ఇప్పుడు వెళ్ళి మళ్ళీ అడిగితే మొహం మీదే నవ్వుతారు. అడిగింది ఇచ్చాం కదా, ఇంకేంటంటారు. ప్రభుత్వం తయారు చేస్తున్న నియమాల్లో కూడా ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి అనే రాశారు. అభిప్రాయాలు పంపడానికి గడువు ఇరవై ఒక్క రోజులే ఉంది."

"వాళ్ళు గదుల్ని లెక్కపెట్టుకున్నారు. మనం నీళ్ళని లెక్కపెడదాం" అంది కాలర్‌పిల్ల.

అనుకున్నంత తేలిక కాలేదు. సాయంత్రం కంపెనీ గేటు దగ్గర సీసాల్లో మిగిలిన నీళ్ళు కొలవబోతే కాపలావాళ్ళు తరిమారు. బస్టాపులో నిలబడితే, బస్సు వస్తుంటే సీసా ఇచ్చే తీరిక ఎవరికుంటుంది? మూడు రోజులు వృథా అయ్యాయి. నాలుగో రోజు కూతురి మొహం చూసి, అమ్మ వంటింట్లోంచి కొలతగ్లాసు పట్టుకొచ్చింది.

"మీరు గేటు దగ్గర కొలవడమెందుకే? ఆ సీసాలన్నీ సాయంత్రానికి ఎవరి చేతికొస్తాయి? మా చేతికే కదా. అమ్మల్ని అడగండి."

ఆ మాట ఆ వీధి నుంచి పై వీధికి, అక్కడి నుంచి ఇంకో రెండు కంపెనీల పిల్లల ఇళ్ళకీ పాకింది. నూట నలభై ఇళ్ళలో అమ్మలు, అత్తలు, అక్కలు రోజూ మిగిలిన నీళ్ళు కొలిచి క్యాలెండర్ గడిలో అంకె వేశారు. పదకొండు రోజులు. లీటరు సీసాలో సగటున ముప్పాతిక మిగిలే ఇంటికొచ్చేది.

అభిప్రాయాలు వినే సభ పనిరోజే పెట్టారు. సెలవడిగితే సూపర్‌వైజరు పుస్తకంలోంచి తలెత్తకుండా, "వెళ్ళు. మర్నాడు నీ మిషన్ మీద ఇంకోళ్ళుంటారు" అన్నాడు. కాలర్ తిప్పడంలో ఆ కంపెనీలో కాలర్‌పిల్లను కొట్టేవాళ్ళు లేరు, ఆ పేరు నాలుగేళ్ళ కష్టం. అయినా వెళ్ళింది. వెళ్ళకపోతే కఫ్‌ల పిల్ల మూడోసారి మంచమెక్కుతుంది, అంతకన్నా పెద్ద లెక్క ఆమెకు తోచలేదు.

పొడుగాటి బల్ల వెనక ఏడుగురు అధికారులు. ప్రతివాళ్ళ ముందూ ఒక నీళ్ళసీసా. మాట్లాడేవాళ్ళకు తలా మూడు నిమిషాలు. రెండు గంటలు కూర్చున్నాక ఈమె వంతు వచ్చింది. వకీలమ్మ రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. క్యాలెండర్ కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, అంకెలు చెప్పింది, కార్డు సంగతి చెప్పింది.

ఓ అధికారి అడ్డొచ్చాడు. "చూడమ్మా, మరుగుదొడ్ల సంఖ్య గురించి నియమం ఉంది కదా. అనుమతి అనేది కంపెనీ క్రమశిక్షణకు సంబంధించింది. దాన్ని ఆరోగ్యంలోకి ఎలా తెస్తాం?"

కాలర్‌పిల్ల కాగితం మడిచేసింది.

"రెండు గంటల నుంచి ఆ కుర్చీలో కూర్చున్నానండీ. నాకు లెక్కపెట్టే అలవాటుంది. మీ ఏడుగురిలో ఐదుగురు లేచి బయటికెళ్ళొచ్చారు. తమరు రెండుసార్లు వెళ్ళారు. ఎవరినీ అడగలేదు. మెడలో కార్డేసుకోలేదు. ఎవరూ టైము రాసుకోలేదు. మీ పనేమీ ఆగలేదు. మాక్కూడా అంతేనండీ కావలసింది. ఇంకో గది కట్టొద్దు. ఆ మేకు పీకెయ్యండి."

ఆయన చెయ్యి తన సీసా మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దావిడ క్యాలెండర్ కాగితాలు ముందుకు లాక్కుని, ఒక్కొక్కటీ తిప్పి చూసింది. "ఇవి ఎవరు రాశారు?" అనడిగింది. "మా అమ్మలండీ" అంది కాలర్‌పిల్ల.

మర్నాడు సూపర్‌వైజరు మాట తప్పలేదు. కాలర్ మిషన్ మీద కొత్త మనిషి కూర్చుంది. ఈమెను దారాలు కత్తిరించే బల్లకు మార్చారు. నాలుగు నెలలు దారాలు కత్తిరించింది. లైబ్రరీకి వెళ్ళడం ఒక్క ఆదివారం మానలేదు. చివరికి నియమాలు వచ్చాయి. పదిహేడో అంశంలో ఒక కొత్త వాక్యం ఉంది. పనివేళల్లో మరుగుదొడ్డికి వెళ్ళడానికి ఎవరి అనుమతీ, ఏ కార్డూ అక్కర్లేదు, వెళ్ళినందుకు లెక్క రాయకూడదు. వకీలమ్మ అది చదువుతూ సగంలో ఏడ్చేసింది.

అమలు మొదలైన రోజు ఉదయం కార్డు లేదు, మేకూ లేదు, గోడకు చిల్లు మిగిలింది. కానీ పదకొండు దాటినా ఒక్కరూ లేవలేదు. అలవాటు అంత తేలిగ్గా వదలదు. కాలర్‌పిల్ల సీసా ఎత్తి అందరూ చూస్తుండగా గటగటా తాగింది. కాసేపటికి కత్తెర పక్కన పెట్టి, వరుస మధ్యగా నడిచి వెళ్ళింది. సూపర్‌వైజరు అలవాటుగా గడియారం చూసి, పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆమె వెనకే కఫ్‌ల పిల్ల లేచింది. తర్వాత ఇంకొకరు.

సాయంత్రం అమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. సీసా తేలిగ్గా పైకి లేచేసరికి ఆవిడకు కంగారు పుట్టింది.

"ఒలికిపోయాయా ఏంటే?"

"తాగానమ్మా. మధ్యాహ్నం ఇంకో సీసా పట్టుకుని అదీ తాగాను."

అమ్మ సీసాను బోర్లించి చూసింది. కళ్ళు తుడుచుకుంది. పదకొండు రోజులు చాలని చెప్పినా వినకుండా, ఇన్ని నెలలూ రోజూ కొలుస్తూనే ఉన్న మనిషి ఆవిడ. క్యాలెండర్ దగ్గరకు వెళ్ళి, ఆ రోజు గడిలో గుండ్రంగా ఒక సున్నా చుట్టింది.