మఫ్రఖ్ క్యాంపుకు ఆలస్యంగా వచ్చిన మేయరమ్మ

2022 ఫిబ్రవరిలో, అబుదాబిలోని ఒక అతిథి సేవల కంపెనీలో ప్రోటోకాల్ ఆఫీసరుగా ఉన్నప్పుడు, స్పెయిన్ నుంచి వస్తున్న ఒక నగర మేయర్ బాధ్యత నాకు అప్పగించారు. ప్రోటోకాల్ అంటే మాట పెద్దది గాని పని చిన్నదే. అతిథి ఏ కారు ఎక్కాలి, దిగగానే ఎవరు ముందు పలకరించాలి అన్న విషయంలో ఎవరూ తడబడకుండా చూడటం. ముఖ్య అతిథికి ఎప్పుడూ వెనక కుడివైపు సీటు. ఆమె దిగే చోటికి ఆమెకన్నా ముందే నేను చేరుకుని ఆ తలుపు తెరవాలి. అంటే, ఆమె ప్రయాణించే కారులో నేను ఉండను. ఇక్కడ చెప్పబోయేదంతా అందువల్లే జరిగింది.

మేయర్ పేరు ఇనేస్. ఆమెది సముద్రం ఒడ్డున ఓ మోస్తరు నగరం. అక్కడి మునిసిపాలిటీ నీటి విభాగంలో గుమాస్తాగా చేరి, తర్వాత కౌన్సిలరై, రెండుసార్లు మేయర్ పదవికి పోటీపడి ఓడి, మూడోసారి ఒక్క ఓటు తేడాతో గెలిచింది. అక్కడా మన మునిసిపల్ ఛైర్మన్ పద్ధతే. జనం కౌన్సిలర్లను ఎన్నుకుంటే, కౌన్సిలర్లు మేయర్‌ని ఎన్నుకుంటారు. ఇది విన్నాక ఆమె మా కడప జిల్లా మనిషే అనిపించింది నాకు. ఆమెను గెలిపించిన ఆ ఒక్క ఓటు రామోన్ అనే కౌన్సిలర్‌ది. అతనూ బృందంలో వచ్చాడు.

ఊరి చుట్టూ తోటల్లో పనిచేసే వలస కూలీలకు నగరం లోపలే ఇళ్ళు కట్టించాలని ఆమె పంతం. స్థలం రామోన్ వార్డులో ఉంది. వార్డు జనం ససేమిరా అన్నారు. పర్యటన మొత్తంలో ఆమె అడిగి మరీ పెట్టించుకున్న కార్యక్రమం ఒక్కటే, అబుదాబి శివార్లలోని మఫ్రఖ్‌లో కార్మికుల వసతి చూడటం.

దానికి ముందురోజు సాయంత్రం ఆమె సహాయకురాలు నా దగ్గరికి కంగారుగా వచ్చింది. మేయర్ మీద అవిశ్వాసం పెడుతున్నారట, తిరిగి వెళ్ళగానే రామోన్ సంతకం చేస్తాడట. నాకు మనసు చివుక్కుమంది. వెంటనే డ్రైవర్ ఖాజాకు ఫోన్ చేశాను.

ఖాజాది రాయచోటి. గల్ఫ్‌కు రాకముందు టూరిస్టు బస్సు నడిపేవాడు. అవిశ్వాసం వచ్చినప్పుడు కౌన్సిలర్లు చెయ్యి జారిపోకుండా దూరంగా ఏ రిసార్టులోనో దాచడాన్ని మనవైపు క్యాంపు అంటారు కదా, అట్లాంటి క్యాంపులకు ఎందరినో చేరవేసిన అనుభవం అతనిది. గల్ఫ్‌లో క్యాంపంటే కార్మికులుండే గదులు. టూరిస్టుల కోసం ఎడారిలో వేసే గుడారాలనూ క్యాంపనే అంటారు. ఆ వారంలోనే బృందాన్ని అట్లాంటి ఒకదానికి భోజనానికి తీసుకెళ్ళాం.

"పాపం, మేడం మీద అవిశ్వాసం పెడతాండారంట ఖాజా. పొద్దున మేడంనీ ఆ రామోన్‌నీ క్యాంపుకు తోలుకొని రా. నేను ముందుగానే ఆడుంటా" అన్నాను. లొకేషన్ కూడా పంపాను.

"నాకిడిసిపెట్టండి సార్. ఈ పని నాకు కొత్తగాదు" అన్నాడు. ఆ హుషారు ఎందుకో నాకు బోధపడలేదు.

మర్నాడు మఫ్రఖ్ గేటు దగ్గర వసతి ముదీర్, అంటే మేనేజరు, ఖర్జూరాలు, గావా అనే అరబ్బు కాఫీ సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. కారు జాడ లేదు. ఖాజాకు ఫోన్ చేశాను.

"క్యాంపులోనే ఉండాం సార్. మొన్న అన్నం తిన్న ఇసక క్యాంపు. మీరేడుండారు? ఆయప్ప ఫోను గూడా తీసిపెట్టుకుంటే ఖలాస్, ఇంగ మనిషి యాడికీ పోడు."

నేను అరిచినంత పని చేశాను. "ఓరి నాయనా, లేబర్ క్యాంపు! ఫోన్ జోలికి పోవద్దు. యల్లా, వెనక్కి తిప్పు!"

"అవిశ్వాసమంటిరి, క్యాంపంటిరి. నేనింగేమనుకోవాల సార్? ఆ లొకేషన్ తెరిచి గూడా సూడలేదు. అయినా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటాండారు. మేడం కొంచేపు ఆగమంటాంది."

దారి తప్పారని ముదీర్‌కు చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు.

చివరికి కారు వచ్చింది. కుడివైపు తలుపు తెరిచి, చీవాట్లకు సిద్ధంగా నిలబడ్డాను. ఇనేస్ నన్ను పక్కకు పిలిచి, డ్రైవర్ తమను అక్కడికి ఎందుకు తీసుకెళ్ళాడని అడిగింది. మా ఊళ్ళలో క్యాంపు అంటే ఏమిటో విడమరిచి చెప్పాను. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. ఇళ్ళ పథకం వదులుకుంటే సంతకం పెట్టనని రామోన్ అక్కడ మాటిచ్చాడట. ఆమె కుదరదన్నదట. ఆ ఇళ్ళ కోసమే మేయర్‌నయ్యాను, అవి మానుకుని ఆ కుర్చీలో ఏం చెయ్యను అంది.

లోపల వంటగదిలో గోదావరి జిల్లా మనిషి ఒకాయన పప్పు తాలింపు పెడుతున్నాడు. ఇక్కడ ఏం మారితే బాగుంటుందని ఇనేస్ అడిగింది.

"గదులు బానే ఉన్నాయండి. ఊరికి మరీ దూరం పెట్టేశారండి. ఓ సబ్బు కొనుక్కోవాలన్నా కంపెనీ బస్సు కోసం కూర్చోవాలి కదండీ" అన్నాడాయన.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇనేస్ రామోన్ వైపు చూసింది. రామోన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో అతన్ని వేరే కారులో పంపుదామని సహాయకురాలు నా చెవిలో చెప్పింది. ఇనేస్ ఒప్పుకోలేదు. అతన్ని తన పక్క సీట్లోనే కూర్చోబెట్టుకుంది.

వాళ్ళు వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు సహాయకురాలి నుంచి మెసేజ్ వచ్చింది. అవిశ్వాసం నెగ్గింది. రామోన్ దానికే చెయ్యెత్తాడు. ఇనేస్ ఇప్పుడు మామూలు కౌన్సిలర్. ముసఫ్ఫా గరాజ్‌లో కారు సర్వీసుకిచ్చి ఎదురుచూస్తుండగా ఖాజాకు ఈ సంగతి చెప్పాను.

"ఎడార్లోంచి ఆయప్పను నేనే గదా సార్ వెనక్కి తోలుకొచ్చింది" అన్నాడు.

నాకూ బాధ కలిగింది. ఆమె గెలవాలని నేనూ కోరుకున్నాను. మా వృత్తిలో అట్లా కోరుకోకూడదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా డ్రైవర్లకిచ్చే ప్రయాణ ఆదేశాల్లో క్యాంపు అన్న మాట వాడలేదు. కార్మికుల వసతి అని, పక్కన ప్రాంతం పేరు రాశాను. ఇది ఉద్యోగానికి సంబంధించిన పాఠం. రెండో పాఠానికి ఏ ఆదేశంలోనూ చోటు లేదు. తనకు వ్యతిరేకంగా ఓటు వేస్తాడని తెలిసి కూడా, ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగి తీసుకురావచ్చు. మా వైపు ఎవరూ అట్లా చెయ్యగా చూడలేదు గనక, అది కుదరని పని అనుకుంటూ వచ్చాను.