తెగులు తట్టుకున్న పెట్టలు

పిహెచ్‌డిలో నా పని కొక్కెర తెగులు మీద. కోళ్లకొచ్చే ఈ రోగం వైరస్‌ని గుడ్లలో పెంచాలి, దానికి విరుగుడుగా యాంటీబాడీలు తయారుచేయాలి. ఎనభైల మొదట్లో రాజమండ్రిలో మా ల్యాబంటే రెండు గదులు, ఒక ఇంక్యుబేటరు, ఒక ఫ్రిజ్. అయినా నాకు బెంగ లేదు. నా చేతి మీద నాకు నమ్మకం ఎక్కువ, నోటి మీద అదుపు తక్కువ.

ఫారం కోళ్లకి టీకాలు వేస్తారు. దానివల్ల పుట్టిన యాంటీబాడీలు గుడ్డు సొనలోకీ దిగుతాయి, అలాంటి గుడ్డులో వైరస్ పెరగదు. అందుకని టీకా ఎరగని నాటుకోడి గుడ్లు కావాలి. గోదావరి ఒడ్డున చేపలమ్మే ఒక పిన్ని పెరట్లో కోళ్లు పెంచేది. "టీకాలేమైనా వేయించావా పిన్నీ?" అని అడిగాను. "మనుషులకే దిక్కులేదు, కోళ్లకేంటండీ!" అని నవ్వింది. ఆవిడ దగ్గరే గుడ్లు కుదుర్చుకున్నాను.

గుడ్లను పది రోజులు పొదిగించి, పెంకుకి చిల్లి పెట్టి వైరస్ ఎక్కించేదాన్ని. నాలుగు రోజులాగి లోపలి నీరు తీసి, ప్లేటు గుంటల్లో కోడి రక్తకణాలు కలిపితే సంగతి తెలిసిపోతుంది. వైరస్ ఉంటే కణాలు అల్లుకుని పరుచుకుంటాయి, లేకపోతే అడుగున ఎర్రటి బొత్తాంలా దిగుతాయి. నాకు ప్రతిసారీ బొత్తామే. కరెంటుని తిట్టాను, ఇంక్యుబేటర్ని తిట్టాను, సీసాలు కడిగే ఆయనతో మాటామాటా అనుకున్నాను. ఏడాదిన్నర అలాగే గడిచింది. చివరికి మా గైడు గారు పిలిచి, "దసరాలోగా పెరగకపోతే టాపిక్ మార్చేద్దామమ్మా" అన్నారు. అంటే మళ్లీ మొదటికి రావడమే. ఆ రోజు తలుపేసుకుని ఏడ్చాను.

మర్నాడు పిన్ని గుడ్లబుట్ట దింపుతుంటే ఆ కోపమంతా ఆవిడ మీదికి తిరిగింది. "ఏం గుడ్లు తెస్తున్నావు పిన్నీ? ఒక్కటీ పనికిరావట్లేదు!"

ఆవిడ మొహం చిన్నబోయింది. "అంత మాటనకండి అమ్మాయిగారూ. చదువుకునే పిల్లకి నాసిరకం ఇస్తానేంటండీ? ముందటేడు కొక్కెర తెగులుకి మా పేటలో కోళ్లన్నీ ఊడ్చుకుపోయాయి. అది సోకినా తట్టుకుని బతికిన పెట్టలు నాకు ఐదున్నాయి. గట్టి పెట్టలని వాటి గుడ్లే మీకు ఏరి తెస్తున్నాను."

నేను టీకా గురించి అడిగాను గానీ తెగులు గురించి అడగలేదు. టీకా చేసే పనే ఆ పెట్టలకి రోగం చేసిపెట్టింది. సిగ్గేసి, ఆవిడ చేతులు పట్టుకుని తప్పయిపోయిందన్నాను.

పరుగున వెళ్లి అవే గుడ్ల సొన తీసి, ఉప్పునీటిలో కలిపి తేర్చి, ఫ్రిజ్‌లో దాచిన అసలు వైరస్‌కి కలిపి, రక్తకణాలు వేసి చూశాను. మళ్లీ బొత్తామే! ఈసారి సంతోషంతో అరిచాను. వైరస్ ఉన్నా బొత్తామే వచ్చిందంటే సొన దాన్ని కట్టేస్తోందన్నమాట. "యాంటీబాడీలు మనం చేయక్కర్లేదండి, పెట్టలే చేసి పంపుతున్నాయి" అంటూ ప్లేటు తీసుకెళ్లి గైడు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "కోడిపిల్లల్లో రుజువు చేసి చూపించు, టాపిక్ ఉంటుంది" అన్నారు.

పిల్లల్ని కూడా పిన్నే ఇచ్చింది. అవి తెగులు పోయాక కొత్తగా కొన్న పెట్టల పిల్లలు. సగం పిల్లలకి సొన నుంచి తీసిన యాంటీబాడీలు ఇంజెక్షన్ చేసి, మిగతా సగాన్ని అలాగే ఉంచి, అన్నిటికీ వైరస్ ఎక్కించాను. వారం తిరిగేసరికి ఇంజెక్షన్ చేసినవి గింజలు ఏరుకుంటున్నాయి. మిగతావాటిలో ఒక్కటీ బతకలేదు. గైడు గారు టాపిక్ ఖాయం చేస్తూ సంతకం చేశారు.

ఆ కబురు చెప్పాలని పిన్ని ఇంటికి నేనే వెళ్లాను. గెలిచానన్న గర్వంతో అంతా ఏకబిగిన చెప్పేశాను. ఆవిడ చేపలు తోముతూ విని, "మరి ఆ చచ్చిపోయినవాటికి మందెందుకు వేయలేదండీ?" అంది.

"తేడా తెలియాలంటే కొన్నిటికి వేయకూడదు పిన్నీ."

"తేడా నాకు తెలుసు కదండీ," అంది. "నన్నడగాల్సింది."