బాయిలర్ ఆశన్న ఎవరి పార్టీ?

బోధన్ శక్కర్‌నగర్‌లో ఆశన్న ఇల్లెక్కడ అంటే ఏ ఆశన్న అని అడుగుతారు. బాయిలర్ ఆశన్న అంటే మాత్రం చేయి పట్టుకుని తీసుకుపోయి చూపిస్తారు. మీసాలు మొలిచినప్పటి నుంచి నిప్పు దగ్గరే బతికిన మనిషి. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరుకు పిప్పి మండించి ఆవిరి పుట్టించాడు. అది మూతపడ్డాక కొన్నాళ్లు ఏ పని దొరికితే ఆ పని చేసి, చివరికి వర్ని దారిలో పరమేశ్వర్ సేటు ఉప్పుడు బియ్యం మిల్లులో కుదురుకున్నాడు. పిప్పి పోయి ఊక వచ్చింది, అంతే తేడా. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసిన అస్లం కూడా అతని వెంటే మిల్లుకు వచ్చాడు.

మిల్లు పొగ నల్లగా ఉంటుందన్న మాటను ఆశన్న ఎన్నడూ కాదనలేదు. గాలి ఊరివైపు మళ్లిన రోజు ఆరేసిన బట్టల మీద మసి రాలేది. ఆడవాళ్లు గేటు దాకా వచ్చి తిట్టిపోయేవారు. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయని నిప్పు ముందు నిలబడేవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. వానాకాలం సగం గడిచినా కాలువకు నీళ్లు రాని ఏడాది చూశాడు. నాట్లు పడీపడగానే పొలాలు మునిగిపోయిన ఏడాదీ చూశాడు. అందుకే రాష్ట్రంలో పొగ తగ్గించే చట్టమొకటి వస్తుందని టీవీలో విన్నప్పుడు మంచిదే అనుకున్నాడు.

చట్టం వచ్చింది. దానికి ఏదో పొడుగాటి పేరు పెట్టారు గాని బోధన్‌లో అందరికీ అది పొగ చట్టమే. పాత బాయిలర్లను గడువులోపల మార్చాలన్నారు. పరమేశ్వర్ సేటు గడువు కంటే ముందే కొత్తది దింపాడు. ఊక దానంతటదే లోపలికి పోతుంది, బూడిద దానంతటదే బయటికి వస్తుంది. బటన్లు చూసుకునే మనుషుల్ని కంపెనీవాళ్లే పంపించారు.

"నేనేం జేయాలె ఆశన్నా, చట్టం అట్లున్నది" అన్నాడు సేటు తలెత్తకుండా.

"నాకు నేర్పితే నేను జూసుకోనా సేటు?"

"కంపెనీవోళ్లు ఒప్పుకోరు. అస్లంకు గూడ గదే జెప్పిన. నీకు గేటు కాడ వాచ్‌మన్ పని సూస్త. కొన్నొద్దులు ఆగు."

నిప్పును అదుపులో పెట్టిన మనిషిని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోమంటే అతనికి మింగుడుపడలేదు. అయినా సరేనన్నాడు. ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చి కూతురి మీద దించాడు. శ్రీవాణి నిజామాబాద్‌లో ఒక దవాఖానాలో నర్సు. చట్టం మంచిదని ఆమె ముందు నుంచీ అంటూనే ఉంది.

"ఊపిరాడక వచ్చే పిల్లలను నేను రోజు సూస్తున్న బాపు. గా పొగ పోవాలె."

"పోవద్దని నేనన్ననా? మరి నా సంగతేంది బిడ్డా? నన్ను గూడ పొగ లెక్కనే ఊదేస్తరా?"

భార్య గంగవ్వ ఇద్దరి మధ్యా నీళ్ల చెంబు పెట్టి, "ముందుగాల తినుండ్రి" అంది.

ఊళ్లో మాత్రం అందరి దగ్గరా జవాబులే. చట్టం తెచ్చిన పార్టీ నాయకుడు రాజమల్లు, దీనితో కొత్త కొలువులు కుప్పలుగా వస్తాయన్నాడు. ఎదుటి పార్టీ దశరథం, చట్టం పేదల నోటికాడి బువ్వ లాగేసిందన్నాడు. పోయిన ఎన్నికల దాకా ఇద్దరూ ఒకే కండువా కప్పుకున్నవాళ్లు. ఒకరోజు దశరథం తన మనుషులతో ఆశన్న ఇంటికొచ్చాడు.

"బస్టాండ్ ముంగట ధర్నా పెడుతున్నం. నీ అసొంటోడు మాట్లాడితేనే జనానికి తెలుస్తది. రావాలె అన్నా."

చట్టం గురించి ఇన్ని నోళ్లు మాట్లాడుతుంటే, దాని దెబ్బ తిన్న మనిషిని మాట్లాడమన్నది ఇదే మొదటిసారి. ఉతికిన చొక్కా వేసుకుని, అస్లంను తోడు తీసుకుని పోయాడు. వేదిక మీద దశరథం అతని భుజం మీద చేయి వేసి, "పొగ చట్టం రోడ్డున పడేసిన బిడ్డ" అని చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. మైకు ఆశన్న చేతికొచ్చింది.

"నా పని పోయింది, గది నిజమే" అన్నాడు. "పొగ పోవాలె, గది గూడ నిజమే. నా బిడ్డ దవాఖాన్ల చేస్తది, నాకు తెలుసు. నేనడిగేది ఒక్కటే. మిషన్ మార్చుమని చట్టంల రాసిండ్రు. మిషన్ కాడి మనిషిని ఏం జేయాల్నో ఎందుకు రాయలే? వాళ్లు మర్సిపోయిండ్రే అనుకో. మీరు గూడ అసెంబ్లీల కూసున్నరు గదా, రాయుమని అడిగిండ్రా? శక్కర ఫ్యాక్టరీ బందైనప్పుడు ఏ పొగ చట్టం లేదు. అప్పుడు గూడ ఈడనే టెంటు ఏసిండ్రు. మీరు ఏసిండ్రు, వాళ్లు ఏసిండ్రు..."

మైకు పోయింది. వైరు ఊడిందో, ఎవరైనా ఊడదీశారో తెలియదు. వెంటనే కింద నుంచి నినాదాలు మొదలయ్యాయి. దశరథం నవ్వు ముఖం మార్చకుండానే అతన్ని పక్కకు జరిపి, ఇంకో మైకు అందుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రానికి ఫోన్లలో ఆశన్న రెండు ముక్కలై తిరిగాడు. "నా పని పోయింది, గది నిజమే" అన్నంత వరకు కోసి దశరథం మనుషులు పంపించారు. "పొగ పోవాలె" అన్న ముక్కకు చప్పట్లు అతికించి, పని పోయినవాడే చట్టాన్ని మెచ్చుకున్నాడని రాజమల్లు మనుషులు పంపించారు. అడిగిన ప్రశ్న ఏ ముక్కలోనూ లేదు. మర్నాడు సేటు ఫోన్ చేశాడు.

"మిల్లు సంగతి బజార్ల పెట్టినవ్ గదా. ఇగ గేటు పని గూడ మర్సిపో."

"నీ పేరు నేను తీయలే సేటు."

"పేరు తీస్తేనే తెలుస్తదా?"

రాజమల్లు చెప్పిన కొత్త కొలువులేమిటో చూద్దామని ఆశన్న, అస్లం నిజామాబాద్ పోయారు. శిక్షణ కేంద్రంలో కుర్రవాళ్లకు సోలార్ పలకలు బిగించడం నేర్పుతున్నారు. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడాడు గాని, ముప్పై అయిదు దాటినవాళ్లను తీసుకోవద్దని తమకు చెప్పారన్నాడు.

"ముప్పై అయిదు దాటినోళ్లకు ఆకలి కాదా సార్?" అన్నాడు ఆశన్న. ఆయన తర్వాతి కుర్రవాణ్ని పిలిచాడు.

తిరుగు ప్రయాణంలో బోధన్ బస్టాండ్ హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్లవాళ్లు గుర్తుపట్టారు. "వీడియోల ఉన్నది నువ్వే గదా? ఇంతకు ఏ పార్టీ నువ్వు?"

ఆశన్న కప్పు కింద పెట్టి, వేదిక మీద అనబోయినదంతా మొదటి నుంచి చెప్పాడు. వాళ్లు సగం విన్నారు. ఆ తర్వాత వాళ్లలో వాళ్లకే మాట పెరిగి, రాజమల్లు గొప్పా దశరథం గొప్పా అన్న దగ్గరికి పోయింది. ఆశన్న ఇంకా చెబుతూనే ఉన్నాడు. అస్లం అతని మోచేయి పట్టుకుని లేపాడు.

"చోడో భాయ్. మావోడొకడు నాందేడ్ దిక్కు శక్కర మిల్లుల ఉన్నడు. పాత బాయిలరే. మనిషి కావాలంటున్నరు. నాకు గూడ ఫిట్టర్ పనున్నదట."

"గాడ గీ చట్టం లేదా?"

"మన రాష్ట్రం దాటితే లేదు."

ఆశన్న చాయ్ పైసలు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. దసరా పోయాక ఇద్దరూ రెంజల్ మీదుగా సరిహద్దు దాటి పోయారు. అక్కడి మేస్త్రీ మరాఠీలో ఏది చెప్పినా ఆశన్నకు చేతి సైగలతోనే అర్థమయ్యేది. నిప్పు మాత్రం తెలిసిన నిప్పే. చిమ్నీ నుంచి లేచే పొగ చిక్కగా, నల్లగా, ఆపేవాళ్లు లేకుండా పోయేది.

ఒక మధ్యాహ్నం శ్రీవాణి ఫోన్ చేసింది.

"బాపు, పొగ చట్టం మీద అసెంబ్లీల మళ్ల మాట్లాడిండ్రు."

"ఏమన్నరు?"

"ఒకల్నొకలు తిట్టుకున్నరు. వాయిదా పడ్డది."

"పనోళ్ల ముచ్చట అచ్చిందా?"

"రాలే బాపు."

అవతల మేస్త్రీ కేక వేస్తున్నాడు. ఆవిరి తగ్గుతోంది. "మళ్ల జేస్త బిడ్డా" అని ఆశన్న ఫోన్ జేబులో వేసుకుని, ఎవరి మీదో తెలియని కోపంతో పిప్పిని పొయ్యిలోకి బలంగా ఎగదోశాడు.