పసుపు పూసిన గ్యారంటీ కార్డు

మదనపల్లెలో ఒక కాలేజీ హాల్లో వినియోగదారుల హక్కుల మీద సభ జరిగిన రోజు నేను లేచి ఒక ప్రశ్న వేశాననీ, వేదిక మీది పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారనీ, హాలంతా చప్పట్లతో మోగిపోయిందనీ పుంగనూరు బజారులో చాలామందికి తెలుసు. తెలియడానికి కారణం నేనే. ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఇప్పుడు వయసు మీదపడింది, చెప్పిన అబద్ధాలను గుర్తు పెట్టుకునే ఓపిక తగ్గింది. కాబట్టి నిజం రాస్తున్నాను. చప్పట్లు కొట్టింది ఇద్దరు. అందులో ఒకాయన దోమను కొట్టాడు.

అసలు ఆ సభకు ఎందుకు పోయానో చెప్పాలంటే మా ఇంటావిడ గ్రైండరు దగ్గర మొదలు పెట్టాలి.

తొంభైల నాటి మాట. పుంగనూరు బజారు వీధిలో నాకు బట్టల అంగడి ఉండేది, దాని వెనకే ఇల్లు. మా ఇంటావిడకు ఇంట్లోనే ఇడ్లీ పిండి వ్యాపారం. బస్టాండు దగ్గరి టిఫిన్ హోటలుకు రోజూ పొద్దున్నే రెండు డేక్షాల పిండి పోయేది. ఆ పిండి అంతా రుబ్బురోట్లో చేత్తో రుబ్బిందే. ఏళ్ల తరబడి పొత్రం తిప్పి తిప్పి ఆమె కుడి భుజం పట్టేసింది. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. నా అంగడి ఆదాయంతో ఇల్లంతా బతికిందని నేను అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి పెళ్లిళ్లు లేని నెలల్లో మమ్మల్ని బతికించింది ఆ రెండు డేక్షాలే.

కుప్పంలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు గ్రైండరు కొన్నాం. అక్కడ తమిళనాడు సరుకు బాగా దొరుకుతుందని పేరు. అంగడాయన మంచి మాటకారి. గ్యారంటీ కార్డు మీద మా ఇంటావిడ పేరు, గ్రైండరు నంబరు, తేదీ బాల్‌పెన్నుతో రాసి, ముద్ర కొట్టి, "ఇదే బిల్లనుకోన్నా" అన్నాడు. నేనూ వ్యాపారినే. సాటి వ్యాపారిని బిల్లు అడిగితే అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను. గ్రైండరును బస్సు మీదికెక్కించి, పలమనేరు మీదుగా ఇంటికి తెచ్చుకున్నాం. దారిలో ఒక లోయ దగ్గర బస్సు ఒరిగితే నేను పైకెక్కి గ్రైండరును రెండు చేతులా పట్టుకున్నానని మనవళ్లకు చెప్పాను. ఆ దారిలో లోయ లేదు. నేను కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాను.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. మాది వ్యాపారుల ఇల్లు. కొత్త కాగితం ఏది ఇంట్లోకి వచ్చినా నాలుగు మూలలా పసుపు పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, లక్ష్మీదేవి పటం ముందు ఉంచి కర్పూరం వెలిగిస్తాం. మా నాయన చేశాడు, వాళ్ల నాయన చేశాడు. ఆ రోజు గ్యారంటీ కార్డుకు కూడా నా చేతులతో నేనే చేశాను. ఆనందంలో చెయ్యి కొంచెం ధారాళమైంది. నాలుగు మూలలతో ఆగక పసుపు మధ్యదాకా పాకింది. తేదీ పోయింది, నంబరు పోయింది. కుంకుమ బొట్టు సరిగ్గా అంగడి ముద్ర మీద కూర్చుంది.

రెండు వారాలకు హోటలాయన ఇంటికొచ్చాడు. ఇడ్లీలో ఇసుక తగులుతోందట. ఒక లారీ డ్రైవరు పన్ను పట్టుకుని పోట్లాడాడట. మా ఇంటావిడ పిండిని వేళ్ల మధ్య రుద్ది చూసింది. నిజమే. గ్రైండరు లోపలి రాయి పొడిపొడిగా రాలుతోంది. కొత్త రాయి గదా అని మొదట్లోనే తవుడు, ఉప్పు వేసి నాలుగు రోజులు తిప్పింది. మళ్లీ అలాగే తిప్పింది. అయినా రాలుతూనే ఉంది. హోటలాయన చెడ్డవాడు కాదు. కానీ ఇంకొక్కసారి ఇసుక తగిలితే పిండి వేరే చోట చూసుకుంటానని తలదించుకుని చెప్పి పోయాడు. ఆ రోజునుంచి గ్రైండరు మూలన నిలబడింది. ఆమె మళ్లీ రోటి ముందు కూర్చుంది. ఒక్క డేక్షానే రుబ్బగలిగేది. రెండోది హోటలాయన మరెక్కడో తెచ్చుకోసాగాడు.

నేను మరునాడే కుప్పం బస్సెక్కాను. అంగడిలోకి పులిలా దూకాను అని రాయాలని చెయ్యి దురదగా ఉంది. కానీ పొద్దున నుంచి ఏమీ తినలేదు, ముందు ఆయన ఇప్పించిన కాఫీ తాగాను. తాగినాక కార్డు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏందన్నా ఇది? దీన్ని గ్యారంటీ కార్డు అనుకోవల్లనా, పెండ్లి పత్రిక అనుకోవల్లనా?"

అంగట్లో పనివాళ్లంతా నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది, అదే నా బలహీనత. తేదీ యాడుంది, నంబరు యాడుంది, ముద్ర యాడుంది అని ఒక్కొక్కటే అడిగాడు. పసుపు గీకి చూపిద్దామని గోరు పెడితే కాగితం లేచొచ్చింది. ఇది మా అంగడి సరుకని ఎట్లా నమ్మేదన్నా అని నమస్కారం పెట్టాడు. ఇంటికొచ్చి ఆయన్ను చెడామడా తిట్టేసి వచ్చానని చెప్పాను. ఆమె నా ముఖం చూసి అన్నం పెట్టింది.

మదనపల్లె సభ గురించి ఆ వారంలోనే తెలిసింది. పోయాను. అక్కడ విన్న మాటలకు నా ఒళ్లు పులకరించింది. వకీలు అక్కర్లేదట! స్టాంపు పేపరు అక్కర్లేదట! తెల్లకాగితం మీద మనకు వచ్చిన తెలుగులో రాసి చిత్తూరులోని జిల్లా వినియోగదారుల ఫోరానికి పంపితే వాళ్లే అవతలివాళ్లకు నోటీసు పంపుతారట. అంతదాకా కోర్టు అంటే ఆస్తులమ్ముకునే చోటని నా లెక్క. నా ప్రశ్న ఏమిటంటే, వ్యాపారానికి కొన్న సరుక్కి ఈ చట్టం వర్తించదని ఒకాయన అన్నాడు, మరి మా ఇంటావిడ పిండి రుబ్బి అమ్ముతుంది గదా అని. అది కూడా నేను లేచి అడగలేదు. చీటీ మీద రాసి పక్కాయన చేత అడిగించాను. సొంత చేతులతో పని చేసుకుని పొట్టపోసుకునే మనిషి తన పనికోసం కొనుక్కుంటే ఆమె వినియోగదారే అని వేదిక మీద నుంచి జవాబొచ్చింది. బస్సులో పుంగనూరు చేరేదాకా నేను సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. పక్కన టమాటా గంపతో ఉన్న ముసలాయనకు చట్టమంతా చెప్పేశాను. ఆయన అంగళ్లు దగ్గర దిగాల్సినవాడు, నా మాటల్లో పడి ఊరు దాటిపోయాడు. ఇదీ అబద్ధమే. అంగళ్లు ఆ దారిలోనే లేదు. ఆయన పుంగనూరు దాకా నిద్రపోయాడు.

ఫిర్యాదు రాయాలంటే తేదీ, నంబరు కావాలి. పసుపు కింద ఉన్నవాటిని పైకి తెచ్చే ఉపాయం నాకే తట్టిందని ఊళ్లో చెప్పాను. తట్టింది ఆమెకు.

"ఏమయ్యా, పసుపు మరక పడిన చీర తెస్తే ఎండలో ఎయ్యండమ్మా, పోతాది అని అంగట్లో ఊరందరికీ సెప్తావే. ఇంట్లో సెయ్యవా?"

ఇరవై ఏళ్లుగా చెబుతున్న మాట, నా తలకే ఎక్కలేదు. పొడిగుడ్డతో మెల్లగా దులిపి, కార్డును మిద్దె మీద మిరపకాయల పక్కన ఎండలో పెట్టింది. గాలికి పోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు. అయిదు రోజులు నేను కాపలా కాశాను. రెండో రోజుకే పసుపు పాలిపోయింది. మూడో రోజు ఒక అంకె కనపడింది, నేను మిద్దె మీద నుంచి కేక పెట్టాను. నాలుగో రోజు తేదీ. బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాశాడు మహానుభావుడు! అయిదో రోజుకు నంబరంతా తేటగా చదవడానికి వచ్చింది. ముద్ర మాత్రం సగమే మిగిలింది, ఊరి పేరు వరకు. అది చాలు. నేను వీధిలోకి పరుగెత్తి పక్కింటివాళ్లకు, ఎదురింటివాళ్లకు, దారిన పోయే పాలాయనకు కార్డు చూపించాను.

ఫిర్యాదు నేను రాశాను, నాలుగు పేజీలు. అందులో మా కుటుంబం పరువు మంట గలిసింది, నా గుండె పగిలింది, లారీ డ్రైవరు పళ్లన్నీ రాలిపోయాయి. గుండెకు, పరువుకు విడివిడిగా పరిహారం అడిగాను. ఆమె నాచేత చదివించుకుని కాగితం పక్కన పెట్టింది.

"రాయి రాల్తాండాది, ఇసక పడతాండాది, అడిగితే ఇయ్యలేదు. అంతే రాయి. మనకు కావల్సింది మంచి గ్రైండరు. ఆయప్ప ఇల్లు గాదు."

అరపేజీ అయింది. కింద ఆమె సంతకం చేసింది. కార్డు పేరు ఆమెది, ఫిర్యాదు ఆమెది. నేను పోస్టాఫీసుకు పోయి రిజిస్టరు చేశాను, నా వంతు అంతే. ఆ తర్వాత రెండు వేల సంవత్సరం దాటి సెల్‌ఫోన్లు వచ్చినాక కూడా జనం చెడిపోయిన సరుకులు పట్టుకుని నా దగ్గరికి రాయించుకోడానికి వచ్చేవాళ్లు. నేను నాలుగు పేజీలు రాసేవాణ్ణి, లోపల ఆమెకు చదివి వినిపిస్తే అరపేజీ బయటికొచ్చేది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక సంత రోజు అంగడి నిండా జనం ఉండగా కుప్పం అంగడాయన మెట్లెక్కి వచ్చాడు. వెనక వ్యానులో కొత్త గ్రైండరు. చిత్తూరు నుంచి నోటీసు అందిందట. వాయిదాలకు తిరిగే తీరిక లేదు, ఇది తీసుకుని ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నామని కాగితం రాసివ్వమన్నాడు. నేను ఛాతీ పొంగించి గద్దె మీద వెనక్కి ఆనుకున్నాను. అప్పుడు ఆయన చూపు నా తల మీదుగా గోడకు పోయింది. అక్కడ నేనే పెద్దక్షరాలతో రాయించిన బోర్డు. ఆయన ఒక్కొక్క మాటా నిదానంగా చదివాడు.

"ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మీ కాడ గూడా ఇదే ఉండాదే అన్నా."

చీరలు చూస్తున్న ఆడవాళ్లంతా తలలెత్తారు. నేను సభ్యతగా, చట్టబద్ధంగా తిరుగులేని జవాబిచ్చానని రాస్తే మీరు నమ్మరు, ఇంత చదివాక నమ్మకూడదు కూడా. నేను గజంబద్ద తీసుకుని ఎవరూ అడగని గుడ్డ కొలవసాగాను. వ్యాను చప్పుడు విని ఇంట్లో నుంచి వచ్చిన మా ఇంటావిడ జవాబిచ్చింది.

"ఆ బోర్డు ఆయన రాయించుకున్నాడప్పా. కేసు ఏసింది నేను."

ఆమె నా వైపు తిరిగి, దాని సంగతి తర్వాత చూస్తానన్నట్టు ఒక్క చూపు చూసింది. తర్వాతి నెల బోర్డు దిగింది. నా అంతట నేనే దించానని చెప్పుకున్నాను.

గ్రైండరు దించగానే కాగితం అడిగాడాయన. ఆమె ఇవ్వలేదు. మొదట రాయిని తడిగుడ్డతో తుడిచి గుడ్డ చూసింది. తవుడు వేసి తిప్పింది, పారబోసి నీళ్లు చూసింది. మధ్యాహ్నం నానిన బియ్యం, మినప్పప్పు పోసింది. గ్రైండరు గుర్రున తిరుగుతుంటే నేను గడప దాటకుండా నిలబడ్డాను. ఆయన నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పరీక్ష రాస్తున్న పిల్లవాడి తండ్రిలాగా. పిండిని ఆమె వేళ్ల మధ్య రుద్దింది.

"ఇంకేమమ్మా, రాసియ్యండి" అన్నాడాయన.

"ఇడ్లీ తిన్నాక ఇస్తా. పిండి పులియల్ల గదా. పొద్దున హోటలు కాడికి రా."

పాపం, ఆయన ఆ పూట పుంగనూరులోనే చుట్టాలింట్లో ఆగిపోయాడు.

పొద్దున బస్టాండంతా హోటలు చుట్టూ చేరిందనీ, బస్సులు ఆగిపోయాయనీ నేను చెప్పుకునేవాణ్ణి. ఉన్నది నలుగురం. హోటలాయన, కుప్పం అంగడాయన, మా ఇంటావిడ, నేను. కానీ నా గుండె మాత్రం బస్టాండంత చప్పుడు చేసింది. ఆవిరి కక్కుతూ ఇడ్లీలు వచ్చాయి. అంగడాయన తుంచి నోట్లో పెట్టుకుని, రాయి కోసం వెతుకుతున్నట్టు మెల్లగా నమిలాడు. ఒకటి. రెండు. మూడు. చట్నీ కూడా ముట్టలేదు. "బాగుండాది, ఇంకో రెండు పెట్టప్పా" అన్నాడు. హోటలాయన ఆయనకు పెట్టలేదు. తనే ఒకటి తీసుకుని, కళ్లు మూసుకుని నమిలాడు. ఆ ఒక్క ఇడ్లీ మింగేదాకా మా ఇంటావిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

హోటలాయన కళ్లు తెరిచాడు. ముందు మాదిరే రెండు డేక్షాలు పంపమన్నాడు.

ఆమె మడిచిన కాగితం తీసి కుప్పం ఆయన చేతిలో పెట్టింది. తర్వాత హోటలాయన వైపు తిరిగింది.

"రెండు సాలదప్పా. ఇప్పుడు మిషను ఉండాది. మూడు తీసుకో."

హోటలాయన సాయం కోసం నా వైపు చూశాడు. నేను ఇడ్లీ వైపు చూశాను.